సమూయేలు మావ తెచ్చిన రెండు భాషలు

విన్నానని చెప్పవలసిన రోజున వినలేదని చెప్పాను. పదకొండేళ్ల వయసులో, చర్చి నిండా కూర్చున్న పెద్దల ఎదుట, చేతులు కట్టుకుని, చాలా శుభ్రమైన తెలుగులో చెప్పాను. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ, కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఎండుచేపల వాసన.

మేముండేది విజయనగరంలో ఒక అపార్టుమెంటులో. పైఅంతస్తులోకి ఈమధ్య ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆ ఇల్లాలిది సముద్రం ఒడ్డు ఊరు. వారానికోసారి ఎండునెత్తళ్లు వేయించి, వంకాయ వేసి పులుసు పెడుతుంది. ఆ వాసన మెట్ల మీద చాలాసేపు నిలబడిపోతుంది. మిగతావాళ్లంతా ముక్కులు మూసుకుని మీటింగు పెట్టారు. నేను హైస్కూల్లో తెలుగు మాష్టారిని కాబట్టి నోటీసు రాసే పని నా మీద పడింది. ‘దుర్వాసన కలిగించు పదార్థములు వండరాదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టి, ఆ కాగితాన్ని దూరంగా జరిపాను. చేపల వాసనకు కాదు, నా దస్తూరీ చూసి.

అదే సాయంత్రం మా అమ్మాయి హాల్లో కూర్చుని ఫోనులో ఏదో చూస్తోంది. ఇద్దరు కుర్రాళ్లు, ఒకడిది బెలారష్యన్ భాష, రెండోవాడిది కాంటనీస్, తమ తమ మాటలు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటున్నారు. ఒకడు “జ్యాకుయ్” అన్నాడు. రెండోవాడు “దో జే” అన్నాడు. తెర మీద అర్థం పడకముందే ‘కృతజ్ఞతలు’ అన్నాను. ఊరుకోకుండా, “రెండోవాడి దగ్గర ఇంకో మాట కూడా ఉండాలి, మ్ గోయ్ అని. అది సాయం చేసినందుకు, ఇది కానుక ఇచ్చినందుకు” అని కూడా అన్నాను.

మా అమ్మాయి ఫోను ఆపి నా వైపు తిరిగింది. “నీకెలా తెలుసు నాన్నా?”

“విన్నాను.”

ఆ ఒక్క మాట ముప్పై మూడేళ్లు ఆలస్యంగా, చెప్పవలసిన చోట కాకుండా, సోఫా పక్కన నిలబడి చెప్పాను.

మా ఊరు భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల వెనక ఉంటుంది. ఆ ఒడ్డున కాలాలు మాకు వాసనతోనే తెలిసేవి. ఎండాకాలం జీడిమామిడి తోటల్లో రాలిన పళ్లు పులిసి గొంతు గీరుకునేలా గాలి వచ్చేది. తొలకరికి తడిసిన సరుగుడు ఆకు చుట్టపు పీకలా కంపుకొట్టేది. చలికాలం పొద్దున్నే తంపటేసిన తేగల పొగ పెరళ్లలోంచి లేచి మంచులో కలిసిపోయేది. క్రిస్మస్‌కి వారం ముందునుంచే బెల్లం పాకమూ, పోకుండలు వేగే నూనే వీధి పొడుగునా అల్లుకునేవి. వీటన్నిటి అడుగునా, ఏ కాలమైనా మారకుండా, ఇసుకలో పాత వలల మీద పరిచిన నెత్తళ్ల వాసన, రిబ్బన్లలా పొడుగ్గా ఉండే సావళ్ల వాసన ఉండేవి. ఊళ్లో ఎవరికీ అది వాసన కాదు, గాలి అంతే. నాన్న సాలూరు లారీల మీద డ్రైవరు. నెలకు పది రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మ చేపలు ఎండబెట్టి మూటలు కట్టేది.

అది వాసన అని నాకు నేర్పింది గాబ్రియేలు మాష్టారు. చీపురుపల్లి వైపునుంచి వచ్చి మా బడికి హెడ్మాష్టరుగా, మా చర్చికి సంఘపెద్దగా ఉండేవారు. పాస్టరు నెలకోసారి వచ్చి వెళ్లేవాడు, మిగతా ఆదివారాలన్నీ ఆయనవే. తెల్లటి చేతిరుమాలుకి సెంటు రాసుకుని, మేము దగ్గరికి వెళ్లగానే ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. కాపీ పుస్తకంలో ‘సెప్పు’ అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేవారు. “చేపలు మీ బుట్టల్లోనే కాదురా, నోళ్లలోంచీ వస్తున్నాయి” అనేవారు. క్లాసంతా నవ్వేది. నవ్వేవాళ్లందరి ఇళ్లలోనూ చేపలే ఎండుతున్నాయి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ రోతగా ఉంటుంది, అందులో నా గొంతు అందరికన్నా పైన వినబడేది కాబట్టి మరీ.

సమూయేలు మావ అమ్మకి తమ్ముడు. ఓడ వంటగదిలో పని. రెండేళ్లకోసారి వచ్చేవాడు. ఒకసారి ఓడ ఊగి కాగే నూనె మీద పడి కుడిచెయ్యీ ఛాతీ కాలిపోయాయి. ఒడ్డు చేరడానికి ఇంకా చాలా రోజులున్నాయి. అన్ని రోజులూ ఇద్దరే కాపాడారు. ఒకడు ఇంజన్ గదిలో ఫిట్టరు మికోలా, బెలారస్ నుంచి వచ్చినవాడు. రెండోవాడు పెద్ద వంటవాడు, పేరే ‘ఆ మింగ్’, కాంటన్ దగ్గర పల్లెవాడు. మికోలా కట్లు కట్టేవాడు, ఆ మింగ్ గంజి కాచి చెంచాతో పోసేవాడు. ముగ్గురికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక పలక నిండదు. అందుకని మావ మంచం మీద పడుకునే వాళ్లిద్దరి మాటలూ నేర్చుకుని, ఒక నోటుబుక్కులో నిలువుగా రెండు గీతలు కొట్టి, మన మాట, మికోలా మాట, ఆ మింగ్ మాట పక్కపక్కన తెలుగు అక్షరాలతో రాసుకున్నాడు.

ఓడ విశాఖ హార్బరుకి వచ్చినప్పుడు నాన్న నన్ను లారీలో తీసుకెళ్లి, గేటు ముందు దింపి, సరుకు దింపడానికి వెళ్లిపోయాడు. నా చేతిలో అమ్మ పంపిన సావళ్ల పులుసు గిన్నె, ఎండునెత్తళ్ల పొట్లం. గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. నేను గిన్నె మూత తీయడానికి సిగ్గుపడ్డాను. పక్కవాళ్లు ముక్కులు మూసుకుంటారేమోనని అటూ ఇటూ చూశాను. మావే మూత తీశాడు. ఆ మింగ్ వంగి గుండెలనిండా పీల్చి, కళ్లు మూసుకుని, ఏదో పొడుగ్గా అన్నాడు. “ఆల్లమ్మ ఉప్పుసేప అన్నంలో పెట్టి ఉడికిస్తాదట. ఇల్లు గురుతొచ్చిందంటన్నాడు” అని మావ చెప్పాడు. మికోలా ఎండునెత్తళ్లు తోకతో సహా నమిలేశాడు. వాళ్ల ఊళ్లో ఏటి చేపల్ని దండగా గుచ్చి చూరుకింద ఆరబెడతారట. పులుసు వడ్డిస్తుంటే ఆ మింగ్ “మ్ గోయ్” అన్నాడు. పొట్లం చేతిలో పెట్టగానే “దో జే” అన్నాడు. మికోలా రెంటికీ ఒకటే, “జ్యాకుయ్”. మావ వాళ్లతో వాళ్ల మాటల్లో మాట్లాడుతుంటే వాళ్లు పగలబడి నవ్వి సరిదిద్దారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. నేను రెండు గంటలు ఆ బల్ల మీద కూర్చుని విన్నాను. అంటే, సాక్షిని.

ఇంటికొచ్చాక చెయ్యి మానేదాకా మావకి పని లేదు. సాయంత్రం చర్చి మెట్ల మీద పిల్లల్ని పోగేసేవాడు. మా పాత చర్చికి ఆరు మెట్లు. “ఆ మింగ్ బాస కూడా ఆరు మెట్లేరా” అని ఒక్కొక్కణ్నీ ఒక్కో చోట నిలబెట్టేవాడు. పైమెట్టు మీద కదలకుండా ‘సీ’ అని సాగదీస్తే పద్యం. మధ్యలోంచి కిందికి జారుతూ ‘సీ’ అంటే సమయం. అడుగునుంచి కొంచెం ఎగబాకితే సంత. ఇంకా మూడు ఉండేవి, వాటిలో ఒకదాని కోసం మెట్లు పరిగెత్తి ఎక్కాలి. తప్పు మెట్టు మీద పలికినవాడు దిగిపోవాలి. పొలాలనుంచి వచ్చేవాళ్లు ఆగి, “ఏటిరా, గుడి మెట్లెక్కి ఎవుల్ని సీ కొడతన్నారు?” అనేవారు.

మికోలా భాషకు మెట్లు లేవు, తోకలున్నాయి. మనం ఇంటికి, ఇంట్లో, ఇంటితో అన్నట్టే వాళ్లూ మాట చివర మారుస్తారు. ఆ మింగ్ మాటలకు అసలు తోకలే ఉండవు, గులకరాళ్లలా ఒక్కొక్కటీ విడివిడిగా పడతాయి. నీళ్లని మికోలా ‘వడా’ అంటాడు. పక్క దేశపు పెద్ద భాషవాళ్లూ దాదాపు అలాగే పలుకుతారు గానీ రాయడం ఇంకోలా రాస్తారట, మికోలా వాళ్లు మాత్రం నోరు పలికినట్టే రాస్తారట. వకారానికీ ఉకారానికీ నడుమ పలికే ఒక అక్షరముంది, దాని నెత్తిన చిన్న గిన్నె బోర్లించకుండా పెట్టినట్టుంటుంది. మావ అది సుద్దతో మెట్టు మీద రాసి, ఆ గిన్నెలో ఒక నెత్తలి పెట్టి మమ్మల్ని నవ్వించేవాడు. ఆట అయ్యాక నోటుబుక్కు దాచమని నా బడిసంచిలోనే పెట్టేవాడు.

“ఇన్ని తేడాలున్నాయి కదా, మరి ఇద్దరికీ ఏటి కలిసింది మావా?” అని అడిగాను.

“ఏటి కలిసిందంటే, ఇద్దర్నీ బడిలో కొట్టేరు. మికోలాని పట్నం బడిలో నీది పల్లెటూరి బాస, పెద్ద బాస మాటాడు అన్నారట. ఆ మింగ్‌దీ అదే కత. నాకు ఆల్లు ఎందుకు నచ్చేరనుకున్నావు?” అని నవ్వి, “నీ కాపీ పుస్తకంలో ఎర్ర సున్నాలు నాకూ ఉండీవి” అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. అప్పటికే మాష్టారు నన్ను ఎంచుకున్నారు. కోతల పండగ ఆదివారం వాక్యం చదివే పని ఆ ఏడు నాకు వచ్చింది. రోజూ బడి అయ్యాక తన ఇంటి అరుగు ముందు నిలబెట్టి చ, స, శ విడదీసి పలికించేవారు. నేను త్వరలోనే నేర్చుకున్నాను. ఇంట్లో అమ్మ “సెప్పరా దేవా” అంటే “చెప్పు అనాలి” అని దిద్దడం మొదలుపెట్టాను. బడికి వెళ్లేముందు రెండుసార్లు సబ్బుతో చేతులు తోముకునేవాణ్ని. మావ పక్కన కూర్చోవలసి వస్తే, ఎవరూ చూడనప్పుడు, ముక్కు తిప్పుకునేవాణ్ని కూడా. వాసన ఏమీ లేదు. ఉన్నట్టు నటించడం నేర్చుకుంటున్నాను.

కోతల పండగకి అందరూ కొత్త ధాన్యం, చోళ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. ఆ ఏడు దేవుడు చేసిన మేలు లేచి నిలబడి చెబుతారు, దాన్ని సాక్ష్యం అంటాం. ఆ తర్వాత ప్రభువు బల్ల, అంటే రొట్టె ముక్కా, చిన్న గ్లాసులో ద్రాక్షరసమూ సంఘంలోని వాళ్లకి వరసగా అందిస్తారు. ఎవరైనా పెద్ద తప్పు చేశారని సంఘం తేలిస్తే, ఒప్పుకునేదాకా ఆ పళ్లెం వాళ్ల ముందు ఆగదు. మా దగ్గర దానికన్నా పెద్ద శిక్ష లేదు.

నేను వాక్యం తప్పులేకుండా చదివి, దిగవలసినప్పుడు దిగక, మెప్పు కోసం అక్కడే మాష్టారి పక్కన నిలబడ్డాను. మావ లేచాడు. నూనె పడ్డ సంగతి, ఇద్దరు మనుషులు కాపాడిన సంగతి చెప్పాడు. “మీ దేవుడి కాడ మా మాటతో ఒకపాలి సెప్పమని ఆల్లిద్దరూ అన్నారు, మాటిచ్చేను” అని, కాలిన చెయ్యి పైకెత్తి, మికోలా మాటలో ఒకసారి, ఆ మింగ్ మాటలో ఒకసారి వందనం చెప్పాడు. రెండోదాన్ని మెట్లు తప్పకుండా చెప్పాడు.

మాష్టారు రుమాలు జేబులో పెట్టుకుని లేచారు. అప్పట్లో పక్క ఊళ్లో ఒక ప్రార్థనా గుంపు బయల్దేరింది. ఆత్మ పూనిందని ఎవరికీ తెలియని మాటలు అరిచేవారు, మా సంఘంలోంచి రెండు ఇళ్లవాళ్లు అటు పోయారు. మావ కూడా అదే వేషం వేస్తున్నాడని ఆయన అనుకున్నారు, లేదా అనుకోవడం ఆయనకు బాగుంది.

“ఏమయ్యా సమూయేలూ, అన్యభాషలు ఇక్కడ కుదరవు.”

“అన్నెబాసలు కావండి మాష్టారూ. మనుసుల బాసలే. తిండి తినీ మనుసులు మాటాడతారు.”

“నువ్వు కల్పించినవి కావని ఎవరు చెప్పాలి?”

మావ నవ్వాడు. బెంగలేని నవ్వు. “మీ పక్కనే ఉన్నాడు కదండీ సాచ్చి. హార్బరుకొచ్చి ఆల్లిద్దరితోటీ బువ్వ తిన్నాడు. పుస్తకం కూడా ఈడికాడే ఉన్నాది. ఒరే దేవా, నువ్విన్నావా నేదా, సెప్పరా.”

మెట్లాట ఆడిన పిల్లలంతా ఉన్నారు గానీ, వాళ్లు విన్నది మావ నోటినే. ఆ ఇద్దరి నోట విన్నవాణ్ని నేనొక్కణ్నే. ఊరంతా నా వైపు చూసింది. మాష్టారు వంగి, “చెప్పు నాయనా, స్పష్టంగా” అన్నారు. ఆ ‘నాయనా’ ఆయన నోట మొదటిసారి వినడం. అవునంటే నేను మళ్లీ చేపల బుట్టలోకి పోతాను. ఆ క్షణంలో నాకు తోచిన లెక్క అంతే.

“నేను వినలేదండి. నా దగ్గర పుస్తకమేదీ లేదండి. మావయ్య ఊరికే కల్పించి చెబుతాడండి.”

ఆడవాళ్ల వైపునుంచి అమ్మ “ఒరే” అంది. మాష్టారు అటు చూశారు, అమ్మ తల దించుకుంది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, “చూశారా, మన పిల్లవాడు ఎంత చక్కగా ఉచ్చరించాడో” అన్నారు. ఒక మనిషిని అబద్ధాలకోరుగా తేల్చిన మాటలో ఆయనకు వినబడింది చకారం. నాకు గర్వమనిపించింది. ఇది కూడా రాయాలి, ఎందుకంటే అన్నిటికన్నా నాకు అసహ్యం కలిగించేది ఇదే. భయపడ్డానని చెప్పుకుంటే సగం క్షమించుకోవచ్చు. నేను సంతోషించాను.

పళ్లెం వచ్చింది. మావ చెయ్యి చాచాడు. పళ్లెం ఆయన్ని దాటి పక్కవాడి ముందు ఆగింది. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, మెల్లగా మోకాలి మీదికి వచ్చింది.

బయటికొచ్చాక మావ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మెట్ల మీద ఆగి, “అంత సుబ్రంగా మాటాడ్డం ఎప్పుడు నేర్సుకున్నావురా?” అన్నాడు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. ఆ మధ్యాహ్నమే నేను సంచిలోని నోటుబుక్కు తీసుకెళ్లి, చేపల తలలూ పేగులూ పోసే గోతిలో పడేశాను. ఈగలు ఒక్కసారి లేచి మళ్లీ దాని మీదే వాలాయి. మూడు వరసల అక్షరాలు నీచునీళ్లకి ఉబ్బి, సిరా పాకి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అది చూస్తూ నిలబడ్డాను. నిజమైన దుర్వాసన నా ముక్కుకు తగిలింది ఆ గోతి దగ్గరే. అమ్మ ఆ పూట నాకు అన్నం పెట్టింది గానీ, రోజూలా కంచం ముందు కూర్చోలేదు.

అబద్ధమాడానని మావ ఒప్పుకుంటే బల్లలోకి తీసుకుంటామన్నారు సంఘంవాళ్లు. “అబద్దవాడేనంటే అదే అబద్దవవుతాది కదండీ” అన్నాడు మావ. మాష్టారు పోయారు. పాస్టర్లు మారారు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఒక్కమాట చెప్పెయ్యమని బతిమాలాడు. మావ ప్రతి ఆదివారం వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. కారణం మరిచిపోయిన కుర్రాళ్లు కూడా అలవాటుగా పళ్లెం ఆయన్ని దాటించేవారు. నేను హాస్టలుకెళ్లాను, చదివాను, తెలుగు చెప్పుకుని బతుకుతున్నాను. ఇరవయ్యేళ్లుగా పిల్లల ‘సెప్పు’ల చుట్టూ ఎర్ర సున్నాలు చుడుతున్నాను. మాష్టారు చనిపోయారని ఊరివాళ్లంటారు గానీ, నాకు ఆయన దస్తూరీ రోజూ కనబడుతూనే ఉంటుంది.

ఫోనులో ఆ మాటలు విన్న మర్నాడు అపార్టుమెంటు గోడ మీద నోటీసు చింపేసి ఊరికి బయల్దేరాను. ఊరు చూసి గుర్తుపట్టలేకపోయాను. ఎయిర్‌పోర్టు వైపు పెద్ద రోడ్డు పడింది. సరుగుడు తోటలు ప్లాట్లయ్యాయి. వలలు పరిచే ఇసుకలో వరసగా సిమెంటు రాళ్లు పాతారు. చేపలగొయ్యి మీద ఇల్లు లేచింది. ఆరు మెట్ల చర్చి పడగొట్టి, నున్నటి రాయి పరిచి, ఏటవాలు దారి పోశారు. ఆ మింగ్ సంత ఏ మెట్టునుంచి ఎగబాకాలో చూపించడానికి ఇప్పుడు ఊళ్లో ఎక్కడా చోటు లేదు.

మావ ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చెవులు బాగా మందగించాయి. పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకుని, మెల్లగా అంతా చెప్పాను. పుస్తకం ఎక్కడ పడేశానో కూడా చెప్పాను.

“ఏటి? గట్టిగా సెప్పు.”

మళ్లీ చెప్పాను. ఆయన తలాడించాడు. “నాకు సెప్పితే ఏటొస్తాదిరా? నాకు తెలిసిందే కదా. తెలీనోల్లకి సెప్పు.”

అందుకే పై ఆదివారం, సాక్ష్యాల వేళ, లేచాను. పాస్టరు చిన్నవాడు, నవ్వుతూ మైకు ఇచ్చాడు. ముందు వరసల్లో కొత్త ముఖాలు, మధ్యలో మెట్లాట ఆడిన నా ఈడువాళ్లు నలుగురైదుగురు, వెనక మావ. పళ్లెం మీద తెల్లబట్ట కప్పి ఉంది. రాసుకొచ్చిన కాగితం తీశాను. మంచి తెలుగులో రాసుకున్నాను. మొదటి మాట చూడగానే కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

“ముప్పై మూడేళ్ల కిందట ఈ గుడిలో అబద్దవాడింది మా మావ కాదు, నేను. ఆ రెండు బాసలూ ఉన్నాయి. ఆ ఇద్దరు మనుసులూ ఉన్నారు. ఆల్లు మాటాడతంటే నేను ఇన్నేను. ఇన్నేనని సెప్పనేదు. పుస్తకం గోతిలో పడేసేను. మావా, తప్పు నాది. నన్ను సెమించు.”

పళ్లెం మోసే కుర్రాడు పాస్టరు వైపు చూశాడు. వెనక వరసలోంచి మావ చెవి వెనక చెయ్యి దొన్నెలా పెట్టుకుని ముందుకు వంగాడు.

“ఇనబడనేదురా. ఇంకోపాలి సెప్పు.”

నిజంగా వినబడలేదో, మరొకసారి అందరికీ వినబడాలనో నాకు తెలియదు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, ఈసారి ఇంకా గట్టిగా, మొదటినుంచీ చెప్పాను.